లైర్‌టెయిల్ ఆంథియాస్ గుంపు: 380 లీటర్లలో ఎన్ని? మగ చేపను కొనాలా, వద్దా?

కోరల్_హైద్:
నమస్తే అందరికీ. హైదరాబాద్‌లో 150×50×60 సెం.మీ. ఉప్పునీళ్ళ (సముద్రపు చేపల) ట్యాంకు నడుస్తోంది. రాళ్ళు పోగా 380 లీటర్ల దాకా నీళ్ళుంటాయి, కింద సంప్ (నీళ్ళు వడపోసే తొట్టి) ఇంకో 120 లీటర్లు. అంతా డ్రై రాకే (జీవాలు లేని ఎండు రాయి). సాంద్రత 1.025, వేడి 26 డిగ్రీలు, నైట్రేట్ 5. ఇప్పుడు ఉన్నవి ఒక జత క్లౌన్‌ఫిష్, ఒక బ్లెన్నీ, రెండు బ్లూ డామ్సెల్స్.

పగడపు దిబ్బల మీద గుంపుగా తిరిగే లైర్‌టెయిల్ ఆంథియాస్ (సూడాంథియాస్ స్క్వామిపిన్నిస్) చేపల గుంపు వేద్దామని ఉంది. షాపులో వంకాయరంగు మగది ఒకటి, నారింజరంగు ఆడవి నాలుగు చూపించి ఐదూ సెట్టుగా తీసుకోమంటున్నారు. మగదాని ధర ఆడదానికి రెండింతలకు పైనే ఉంది. ఉదయం 9 నుంచి సాయంత్రం 7 దాకా ఇంట్లో ఎవరూ ఉండరు. "మొదట బాగానే ఉంటాయి, కొన్ని నెలల్లో ఒక్కొక్కటే పోయి చివరికి మగదే మిగులుతుంది" అని చాలాచోట్ల చదివాను. ఎందుకలా అవుతుంది? నా ట్యాంకులో ఎన్ని వేయొచ్చు?

పగడాలదిబ్బ:
మగదాని కోసం డబ్బు పెట్టొద్దండీ. ఈ జాతిలో చేపలన్నీ ఆడవిగానే ఎదుగుతాయి. గుంపులో మగది లేకపోతే ఆడవాటిలో పెత్తనం చేసేది మగదిగా మారుతుంది. జీవశాస్త్రవేత్త లెవ్ ఫిషెల్సన్ 1970లోనే ఎర్ర సముద్రపు చేపల మీద దీన్ని చూపించాడు. తర్వాత డగ్లస్ షాపిరో ఒకే గుంపులోంచి ఒకేసారి పలు మగచేపల్ని తీసేసి చూస్తే, తీసినన్ని ఆడచేపలు ఒకదాని తర్వాత ఒకటి మగవిగా మారాయి. మీరు ఆడవి మాత్రమే తెచ్చినా కొన్ని వారాల్లో ట్యాంకులో ఒక మగది తయారవుతుంది. అది ఆ గుంపులోనే పెరిగి పైకొచ్చింది కాబట్టి, బయటినుంచి తెచ్చి దించిన మగదానికంటే మిగతావాటితో దాని గొడవ తక్కువ.

మారుతున్న చేపను పట్టుకోవడం తేలికే. ముందు నడవడిక మారుతుంది. మిగతావాటి మీదికి దూకుతుంది, నీళ్ళలో పైకీ కిందికీ గబగబా ఊగుతూ రెక్కలు విప్పి చూపిస్తుంది. తర్వాత వీపు రెక్కలో మూడో ముల్లు పొడవుగా సాగుతుంది, తోక కొసలు సాగుతాయి, ఒంటి నారింజరంగు గులాబీలోకీ వంకాయరంగులోకీ తిరుగుతుంది, పక్క రెక్క మీద ఎర్రమచ్చ తేలుతుంది. షాపులో "ఆడది" అని చూపించినదానికి ఆ మూడో ముల్లు కాస్త సాగి కనబడిందంటే అది సగం దారిలో ఉన్న మగదే. అలాంటివి రెండు ఒకే గుంపులో పడితే ఈ సైజు ట్యాంకులో ఒకటి బతకదు.

ఇక సంఖ్య. నాలుగు తక్కువ. మూడు నాలుగు చేపలుంటే దెబ్బలన్నీ అడుగున ఉన్న ఒక్కదాని మీదే పడతాయి. అది రాయి వెనక నక్కి తిండికి రాదు, ఎండిపోయి చచ్చిపోతుంది. అది పోగానే దాని పైనున్నది అడుగుకు దిగుతుంది, మళ్ళీ అదే కథ. మీరు చదివిన "ఒక్కొక్కటే పోవడం" ఇదే. ఆరేడు ఉంటే దెబ్బలు పంచుకుపోతాయి. మీ ట్యాంకుకు ఆరు ఆడవి చాలు. 6 సెం.మీ. ఉన్నది ఒకటి, మిగతా ఐదూ 4 నుంచి 5 సెం.మీ. లోపువి ఏరుకోండి. తేడా కళ్ళకు కనబడేలా ఉంటే ఎవరు పెద్ద అన్న తగువు మొదటి రెండు మూడు రోజుల్లోనే తేలిపోతుంది. అన్నీ ఒకే సైజువైతే ఆ తగువు వారాలు సాగుతుంది. మగది 12 సెం.మీ. దాటి పెరుగుతుందని కూడా గుర్తుంచుకోండి, ఇప్పటి సైజు చూసి ఎనిమిది పది వేసేయొద్దు.

ఆరూ ఒకేసారి దించాలి. "ఇప్పుడు మూడు, వచ్చే నెల మూడు" అన్నది పనికిరాదు. కుదురుకున్న గుంపులోకి కొత్తవి వస్తే పాతవి వాటిని తిండి దగ్గరికి రానివ్వవు.

తీరం_విశాఖ:
పైన చెప్పిన కొట్లాట సగం కారణమే. మిగతా సగం ఆకలి, అసలు నా లెక్కలో అదే పెద్దది.

ఆంథియాస్ పగడపు దిబ్బ మీద ఎలా బతుకుతుందో చూస్తే ఇది అర్థమవుతుంది. ఎర్ర సముద్రం, మాల్దీవులు, ఎక్కడైనా సరే, ప్రవాహం నేరుగా తగిలే దిబ్బ అంచున వేల చేపలు ఒకే వైపు తల పెట్టి నిలబడి ఉంటాయి. ప్రవాహం మోసుకొచ్చే కోపెపాడ్లు (రొయ్య జాతి సూక్ష్మజీవులు), పీత లార్వాలు, చేపగుడ్లను ఒక్కొక్కటిగా ఏరుకు తింటాయి. పొద్దున వెలుగు వచ్చినప్పటి నుంచి సాయంత్రం దాకా ఇదే పని. పెద్ద చేప నీడ పడితే గుంపంతా ఒక్క క్షణంలో పగడాల్లోకి దూరి, మళ్ళీ పైకి తేలుతుంది. రోజంతా ప్రవాహంలో ఈదడానికి ఖర్చయ్యే శక్తి ఎక్కువ, ఒక్కసారి తినేది చాలా తక్కువ. అందుకే రోజుకు ఒక్కపూట బాగా పెడితే ఆంథియాస్ బతకదు. పెట్టినదాంట్లో ఎక్కువ భాగం కిందపడి కుళ్ళుతుంది, చేప మాత్రం మర్నాటికి ఆకలితోనే ఉంటుంది. కింద పడిన మెతుకును ఇది దాదాపు ముట్టుకోదు, నీళ్ళలో కదులుతూ వచ్చేదే తింటుంది.

అందులోనూ మనది డ్రై రాక్ ట్యాంకు. రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి, సముద్రపు లైవ్ రాక్ (జీవాలతో సహా తీసిన దిబ్బ రాయి) జోలికి వెళ్ళకూడదు, వెళ్ళొద్దు కూడా. కానీ దాంతో లైవ్ రాక్ వెంట వచ్చే పురుగూ పుట్రా మన ట్యాంకులో ఉండవు. చేప మధ్యమధ్యలో ఏరుకోవడానికి ఏమీ దొరకదు. అంతా మన చేతినుంచే పోవాలి.

రోజుకు కనీసం నాలుగు సార్లు, ఐదైతే మేలు. ఆరు చేపలకు రోజు మొత్తానికి ఒకటిన్నర ఫ్రోజెన్ క్యూబ్ మైసిస్‌తో (గడ్డకట్టించిన బుల్లి రొయ్యలాంటి జీవులు) మొదలుపెట్టండి, దాన్నే భాగాలుగా పంచండి. మీ టైమింగ్స్‌కు ఇలా సరిపోతుంది: లైట్లు వెలిగాక అరగంటకు, అంటే ఉదయం 8 ప్రాంతంలో, ఫ్రోజెన్. 11కీ, 2కీ, 5కీ ఆటోఫీడర్‌తో 0.5 నుంచి 1 మి.మీ. గుళికలు, ఒక్కోసారి చిటికెడు. రాత్రి 7:30కు మళ్ళీ ఫ్రోజెన్. లైట్లు 9కి ఆరాలి. తిన్నాక గంటైనా వెలుగుంటే అడుగున ఉన్న పిరికి చేపకూ వంతు దొరుకుతుంది.

ఫ్రోజెన్ క్యూబ్‌ను అలాగే పడేయకండి. టీ వడకట్టులో వేసి ఆర్‌ఓ నీళ్ళతో కరిగించి, ఆ రసం పారబోయండి. ఆ రసంలో కొంత ఫాస్ఫేట్ ఉంటుంది. పెద్ద మైసిస్ ముక్కల్ని 3 మి.మీ. లోపు తరగండి. వీటి నోరు చిన్నది, పెద్ద ముక్కను నోట పెట్టుకుని ఉమ్మేస్తాయి. మనం మాత్రం తిన్నాయనుకుంటాం. వారానికి రెండు మూడు పూటలు సైక్లాప్స్ గానీ ఎర్రటి కలానస్ గానీ (రెండూ కోపెపాడ్లే) కలపండి. నారింజరంగుకు కావలసిన కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలను చేప సొంతంగా తయారు చేసుకోలేదు, తిండినుంచే రావాలి. తెల్లటి బ్రైన్ ష్రింప్ మాత్రమే పెట్టిన ట్యాంకుల్లో ఆంథియాస్ పాలిపోయి మట్టిరంగు తిరగడానికి కారణం అదే.

ఆటోఫీడర్ గుళికలు నీటి పైన తేలుతూ ఓవర్‌ఫ్లోలోకి (నీళ్ళు సంప్‌కు దిగే దారి) పోకుండా, వేవ్‌మేకర్ (ట్యాంకులో ప్రవాహం పుట్టించే పంపు) నెట్టే ధార మొదట్లో పడేలా బిగించండి. మా వైపు తేమకు గుళికలు ఉబ్బి గొట్టంలో ముద్దకడతాయి, డబ్బా మూతలో సిలికా జెల్ పొట్లం అంటించాలి. హైదరాబాద్‌లో వానాకాలంలో తప్ప ఆ బాధ ఉండకపోవచ్చు.

ఇంత తిండి పోస్తే నైట్రేట్ 5 దగ్గర నిలవదు. కంపెనీ చెప్పే కెపాసిటీ మీ నీళ్ళకు రెట్టింపు ఉండే స్కిమ్మర్ (నురుగుతో మురికి తీసే పరికరం) పెట్టండి. సంప్‌లో కీటోమార్ఫా అనే నాచు పెంచి, రాత్రిపూట దానికి లైటు వేయండి. చేపలు తెచ్చిన మొదటి రెండు నెలలు వారానికోసారి నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ కొలవండి. ఫాస్ఫేట్ 0.1 దాటితే వడకట్టు పనిలో బద్ధకం చేరిందేమో ముందు చూసుకోండి. అంతేగానీ తిండి తగ్గించొద్దు.

ప్రవాహం కూడా కావాలి. గంటకు ట్యాంకు నీటికి 20 రెట్లు, అంటే 7,600 లీటర్ల దాకా తిప్పే వేవ్‌మేకర్లు. అన్నీ ఎదురెదురుగా పెట్టి సుడులు చేయకుండా, ఒక వైపునుంచి పొడవునా ఒక బాట లాగా వదలండి. గుంపు ఆ బాటలో నిలబడుతుంది. అప్పుడే అది గుంపులా కనిపిస్తుంది, లేకపోతే ఆరు చేపలు ఆరు మూలల్లో ఉంటాయి.

హేచరీ_కాకినాడ:
తిండి మాట వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్తాను. కాకినాడ, భీమిలి, నెల్లూరు తీరాల్లో రొయ్య హేచరీలకు (పిల్లల్ని పుట్టించే కేంద్రాలకు) రోజూ ఆర్టీమియానే, అంటే బ్రైన్ ష్రింపే ఆధారం. దాని సిస్టులు (ఎండు గుడ్లు) మనకు దొరకడం కష్టం కాదు, మీ ఊళ్ళోనూ అక్వేరియం షాపుల్లో ఉంటాయి. కొత్తగా వచ్చి ఏదీ ముట్టని ఆంథియాస్‌ను తిండికి అలవాటు చేయడానికి బతికిన ఆర్టీమియా పిల్లల్ని మించింది లేదు.

లీటరు సీసా అడుగు కోసి తలకిందులు చేసి నిలబెట్టండి. లీటరు నీళ్ళకు 25 గ్రాముల ఉప్పు, 1 గ్రాము సిస్టులు, 28 డిగ్రీల వేడి, మూతి దగ్గరనుంచి గట్టిగా గాలి, పక్కన లైటు. 24 గంటలకు పిల్లలు పొదుగుతాయి. గాలి ఆపి పది నిమిషాలు వదిలి, అడుగున లైటు పెడితే డొల్లలు పైకి తేలతాయి, పిల్లలు కింద వెలుగు దగ్గర మూగుతాయి. పొదగని సిస్టులు కూడా అట్టడుగుకే దిగుతాయి కాబట్టి మొదట వచ్చే నాలుగు చుక్కలు పారబోసి, తర్వాతది 120 మైక్రాన్ల జాలీలోకి పట్టండి. మంచినీళ్ళతో కడిగి ట్యాంకులో వేయండి. డొల్లలు పోనివ్వకండి, చేప మింగితే అరగవు.

అందరూ పొరపడేది ఒకచోట ఉంది. పొదిగిన వెంటనే పిల్ల కడుపులో పచ్చసొన ఉంటుంది, బలమంతా అదే. దాదాపు ఎనిమిది పన్నెండు గంటల్లో మొదటి కుబుసం విడుస్తుంది, అప్పటికి సొన కరిగిపోతుంది. కాబట్టి పొదిగిన పూటే పెట్టేయండి. ఆలస్యమైతే, రెండో దశలో నోరు తెరుచుకుంటుంది కాబట్టి హేచరీల్లో వాడే హెచ్‌యూఎఫ్ఏ ఎన్‌రిచ్‌మెంట్ (మంచి కొవ్వుల మిశ్రమం) కలిపి పన్నెండు గంటలు ఉంచి అప్పుడు పెట్టండి. నిన్నటి పిల్లల్ని ఊరికే పెడితే చేప పొట్ట నిండుతుంది, ఒంటికి పట్టేది ఉండదు. పెట్టేటప్పుడు రిటర్న్ పంప్ (సంప్ నీళ్ళను పైకి పంపేది) ఇరవై నిమిషాలు ఆపండి, వేవ్‌మేకర్ నడవనివ్వండి. పంప్ మళ్ళీ వేయడం మరిచిపోకుండా టైమర్ ఉన్న ప్లగ్ వాడితే మంచిది.

కోరల్_హైద్:
చాలా వివరంగా చెప్పారు, థాంక్యూ అండీ. అయితే ఆరు ఆడవే తీసుకుంటాను. షాపులో ఉన్న నాలుగింట్లో ఒకదానికి పక్కన పొలుసుల కింద ఎర్రగా కమిలినట్టు ఉంది. "ప్యాకింగ్‌లో తగిలింది, రెండ్రోజుల్లో పోతుంది" అంటున్నారు. అసలు క్వారంటైన్ తప్పనిసరా? ఇంకో మాట, ఇంత కష్టం లేకుండా గ్రీన్ క్రోమిస్ అనే చవక చేపల గుంపు వేసుకోమని ఒక ఫ్రెండ్ సలహా.

ఉప్పునీళ్ళు:
ఆ చేపను మాత్రమే కాదు, దానితో ఒకే నీళ్ళలో ఉన్న మిగతా మూడింటినీ వదిలేయండి. ఆంథియాస్‌కు, మీ ఫ్రెండ్ చెప్పిన క్రోమిస్‌కు కూడా, ఆ చోట ఎర్రగా కమిలిన మచ్చ అంటే మొదట అనుమానించాల్సింది యూరోనెమా అనే సూక్ష్మ పరాన్నజీవిని. తెల్లమచ్చ పరాన్నజీవిలా దీనికి చేప ఒళ్ళు తప్పనిసరి కాదు. కుళ్ళు తింటూ నీళ్ళలోనే బతుకుతుంది, సందు దొరికితే కండలోకి దూరుతుంది. అందుకే చేపల్ని తీసేసి ట్యాంకును ఖాళీగా ఉంచినా ఇది పోదు. తెల్లమచ్చకు వాడే కాపర్ (రాగి) మందు దీన్ని ఆపదు. పైన మచ్చ కనబడేసరికి లోపల చాలా దూరం పోయి ఉంటుంది, ఒకట్రెండు రోజుల్లోనే చేప చచ్చిపోవచ్చు. దెబ్బ తగిలినదైతే పొలుసు ఊడి ఉంటుంది, అంచు స్పష్టంగా కనిపిస్తుంది. పొలుసు అలాగే ఉండి కింద ఎరుపు కమ్మితే తీసుకోవద్దు.

క్వారంటైన్ తప్పనిసరే. 80 నుంచి 100 లీటర్ల ట్యాంకు చాలు. అడుగున ఏమీ పరవొద్దు. ముందే సైకిల్ అయిన (అమ్మోనియాను తినే బ్యాక్టీరియా పట్టిన) స్పాంజి ఫిల్టర్, హీటర్, దాక్కోవడానికి ఒక్కో చేపకు ఒక్కో పీవీసీ గొట్టం ముక్క, పైన మూత. కింద చెప్పే మందులన్నీ కలిపి ఏడు వారాల దాకా పడుతుంది.

సంచి తెచ్చాక గంటసేపు చుక్కచుక్కగా నీళ్ళు కలపడం మానండి. ప్రయాణంలో సంచిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ పడిపోతుంది, ఆ పీహెచ్‌లో అమ్మోనియా చాలావరకు హాని లేని రూపంలో ఉంటుంది. సంచి తెరవగానే పీహెచ్ లేస్తుంది, అదే అమ్మోనియా విషంగా మారుతుంది. షాపు నీటి సాంద్రత ముందే ఫోన్లో అడిగి క్వారంటైన్ నీళ్ళను అదే 1.020కో 1.022కో సిద్ధం చేసుకోండి. సంచిని పావుగంట తేలనిచ్చి వేడి సమానం కాగానే చేపను మాత్రమే ఇవతల వేయండి, సంచి నీళ్ళు పారబోయండి. తర్వాత రోజుకు 0.001 చొప్పున 1.025కు పెంచండి.

మొదటి వారం మందు వేయకండి, తినడం మొదలెట్టనివ్వండి. తిండి పట్టాక కీలేటెడ్ కాపర్ నాలుగైదు రోజుల్లో మెల్లగా 2.0 నుంచి 2.5 పీపీఎంకు తెచ్చి, అక్కడినుంచి 30 రోజులు నిలపండి. రంగు చూసి పోల్చే కిట్టు కాదు, డిజిటల్ చెకర్ వాడండి. 1.5కు జారితే తెల్లమచ్చ మిగిలిపోతుంది, 3 దాటితే చేప తిండి మానేస్తుంది. తర్వాత ఫ్లూక్స్‌కు (చేప ఒంటికీ మొప్పలకూ పట్టే పురుగులు) ప్రజిక్వాంటెల్ మందు లీటరుకు 2.5 మి.గ్రా., వారం తర్వాత ఇంకో డోసు. ప్రజిక్వాంటెల్ వేసినప్పుడు ఆక్సిజన్ తగ్గుతుంది, గాలి పెంచాలి. కాపర్ ముట్టిన వల, గొట్టం, బకెట్ ఏదీ మెయిన్ ట్యాంకులోకి పోకూడదు. నత్తలు, రొయ్యలు, పగడాలు బతకవు.

క్వారంటైన్‌లోనూ తిండి రోజుకు నాలుగు సార్లే. తల వెనక వీపు పలచబడి కత్తిలా కనిపిస్తున్నా, పొట్ట లోపలికి పోయినా, తెల్లటి దారంలా విసర్జిస్తున్నా ఆ చేపను మెయిన్ ట్యాంకులోకి మార్చే తొందర వద్దు.

క్రోమిస్ సంగతికొస్తే, వాటి గుంపు ట్యాంకులో ఇంకా తొందరగా ఒకదానికి తగ్గుతుంది. చవక అన్న మాటే గానీ తేలిక కాదు.

పగడాలదిబ్బ:
డామ్సెల్స్ రెండూ ఉండగా ఆంథియాస్ వేయొద్దు, ముందు వాటిని పట్టి తీసేయండి. కొత్తగా వచ్చిన ఆంథియాస్ రాత్రి రాయి సందుల్లో ఒక్కొక్కటి విడివిడిగా పడుకుంటుంది. మంచి సందులన్నీ డామ్సెల్స్ కబ్జాలోనే ఉంటాయి. చోటు దొరకనిది రాత్రంతా నీళ్ళలో తిరుగుతుంది, లైటు పడగానే బెదిరి దూకుతుంది. రాళ్ళు మళ్ళీ సర్దేటప్పుడు రెండు వేళ్ళు పట్టే సందులు ఎనిమిది పది వదలండి, చేపలకంటే సందులు ఎక్కువుండాలి. మూత 6 మి.మీ. జాలీతో, కేబుళ్ళు పోయే మూల కూడా కప్పి ఉండాలి. లైట్లు ఒక్కసారిగా ఆరకుండా అరగంటసేపు తగ్గుతూ వచ్చేలా పెట్టండి.

క్లౌన్లు, బ్లెన్నీతో పేచీ ఉండదు. ఈ గుంపుతోపాటు డాటీబ్యాక్, ట్రిగ్గర్, పెద్ద హాక్‌ఫిష్ మాత్రం ఆలోచించకండి.

తీరం_విశాఖ:
ఎండాకాలం మాట మరిచాను. హైదరాబాద్ పొడి గాలికి ట్యాంకు మీద ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, కానీ రోజుకు లీటర్ల కొద్దీ ఆవిరైపోతుంది. ఆటో టాప్-అప్ (ఆవిరైనన్ని మంచినీళ్ళు దానంతటదే పోసే పరికరం) లేకపోతే సాంద్రత ఎక్కిపోతుంది. మా విశాఖ తేమలో ఫ్యాన్ దాదాపు దండగ, నీళ్ళు చల్లబరిచే చిల్లర్ యంత్రమే దిక్కు. కరెంటు పోతే ముందు దెబ్బ తినేది ఆంథియాసే. ఎప్పుడూ ఈదే చేప కదా, ఆక్సిజన్ ఎక్కువ కావాలి, వేడి నీళ్ళలో అది తక్కువుంటుంది. డీసీ వేవ్‌మేకర్ ఒకటి ఇన్వర్టర్ మీద పెట్టండి, అది కుదరకపోతే కనీసం బ్యాటరీ గాలి పంపైనా ఉంచండి.

కోరల్_హైద్:
చివరి ప్రశ్న. అదే షాపులో వీపు పసుపు, ఒళ్ళు ఊదా రంగు ఉన్న ఎవాన్సై ఆంథియాస్ కూడా వస్తాయట. ఈ ఆరింటితో పాటు రెండు మూడు కలపొచ్చా?

ఉప్పునీళ్ళు:
వద్దండీ. హిందూ మహాసముద్రంలో, మాల్దీవుల దిబ్బల మీద దండిగా కనబడుతుంది, చూడ్డానికి లైర్‌టెయిల్ కంటే అందం. కానీ చిన్నచిన్న జీవుల్ని ఎడతెగకుండా ఏరుకునే చేప, రోజుకు ఐదు సార్లు పెట్టినా చాలదు, ఫ్రోజెన్‌కు అలవాటు పడేలోపే నీరసిస్తుంది. పైగా లైర్‌టెయిల్స్ దాన్ని తిండి దగ్గరికి చేరనివ్వవు. రెండో జాతి కావాలనుకుంటే బార్ట్‌లెట్ ఆంథియాస్ గట్టిది, కానీ 380 లీటర్లలో రెండు గుంపులకు చోటు లేదు. ముందు ఆరు లైర్‌టెయిల్స్ ఏడాది నిలవనివ్వండి. ఆరునెలలకు పెద్దది మగదైపోయాక ఫొటో పెడితే మూడో ముల్లు చూసి చెప్తాం, రెండోది కూడా మారడం మొదలెట్టిందా లేదా అని.